ఎన్ని ఏపీలు అని కాదు, ఎక్కడ చెల్లుతాయని

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే ఇళ్ళ ధరల తర్వాత వచ్చే మాట పిల్లల ఏపీ క్లాసులే. "మావాడు పది తీసుకున్నాడండీ, మీ అమ్మాయి ఎన్ని?" అంటారు. ఇద్దరు పిల్లల్ని హైస్కూలు దాటించిన తండ్రిగా నాకు తెలిసింది ఒకటే. ఈ క్లాసుల పరీక్షలతో వచ్చే కాలేజీ క్రెడిట్లు ఏ కాలేజీలో, ఏ డిగ్రీలో, ఏ కోర్సు బదులు చెల్లుతాయో చూసుకోకపోతే అంకె ఎంత పెద్దదైనా డబ్బు మిగలదు.

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) పరీక్షలను కాలేజ్ బోర్డ్ ఏటా మే నెలలో పెడుతుంది. స్కోరు 1 నుంచి 5 దాకా. 2025లో ఒక్కో పరీక్షకు 99 డాలర్లు. టెక్సాస్‌లో 2015 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ యూనివర్సిటీలు మామూలుగా 3 వచ్చినా క్రెడిట్ ఇవ్వాలి, అంతకంటే ఎక్కువ అడిగితే కారణం చూపాలి. అదే కాల్‌టెక్‌లో 5 తెచ్చుకున్నా క్రెడిట్ రాదు. డార్ట్‌మత్ 2014లో చేరిన బ్యాచ్ నుంచి ఇవ్వడం మానేసింది.

మా అమ్మాయికి యూటీ ఆస్టిన్‌లో ఇంజినీరింగ్ సీటు వచ్చాక, డిగ్రీ ప్లాన్ ప్రింటు తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాం. ఏపీతో చెల్లే ప్రతి కోర్సునూ తనే పెన్సిల్‌తో కొట్టేస్తూ వచ్చింది. కాల్‌క్యులస్ బీసీతో రెండు సెమిస్టర్ల లెక్కల కోర్సులు తగ్గాయి. సోషల్ సైన్స్‌కు కావలసింది ఒక్క కోర్సే, అది సైకాలజీతో తీరింది. దాంతో హ్యూమన్ జాగ్రఫీకి కట్టిన ఫీజు, చదివిన చదువు డిగ్రీ లెక్కలోకి రాలేదు.

ఇంకో సంగతి చాలామంది అడగరు. యూటీలో 12 క్రెడిట్ గంటలు గానీ అంతకు మించి గానీ తీసుకుంటే ఫీజు ఒకటే, సెమిస్టర్‌కు నాలుగు కోర్సులు చదివినా ఆరు చదివినా. అంటే క్రెడిట్ల వల్ల చదువు తేలికవుతుంది గానీ, పూర్తిగా ఒక సెమిస్టర్ తగ్గితేనే జేబులో డబ్బు మిగులుతుంది. మా అమ్మాయి ఏడు సెమిస్టర్లలో ముగించింది. ఆ ఎనిమిదో సెమిస్టర్ ఫీజు, ఆస్టిన్ అద్దె, తిండి కలిపితే మాకు మిగిలింది సుమారు 15 వేల డాలర్లు. పరీక్షల ఫీజులన్నీ కలిపినా అందులో పదో వంతు కూడా లేవు.

అబ్బాయి విషయంలో దారి కొంచెం మార్చాం. వాడికి మే నెలలో ఒక్క పూట పరీక్ష మీద అంతా ఆధారపడటం పడదు. ఇంగ్లీషు, అమెరికా చరిత్ర, గవర్నమెంట్ సబ్జెక్టులను కమ్యూనిటీ కాలేజీ ద్వారా, హైస్కూలుకూ కాలేజీకీ రెండింటికీ చెల్లే డ్యూయల్ క్రెడిట్‌గా చదివించాం. ఒక్కో కోర్సుకు దాదాపు రెండొందల డాలర్లు అయింది. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలో ఏ బ్యాచిలర్స్ డిగ్రీకైనా చరిత్ర ఆరు గంటలు, గవర్నమెంట్ ఆరు గంటలు తప్పనిసరి కాబట్టి అవి వృథా పోవు. అయితే ఇందులో వచ్చే గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది. రేపు మెడిసిన్‌కు దరఖాస్తు చేసినా దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. బద్ధకించే పిల్లలకు ఈ దారి నేను చెప్పను. పైగా చాలా స్కూళ్ళలో ర్యాంకు లెక్కకు డ్యూయల్ క్రెడిట్‌కు ఏపీ అంత వెయిటేజీ ఉండదు.

ఇంటర్నేషనల్ బకలారియేట్ (ఐబీ) డిప్లొమా వేరే రకం. రెండేళ్ళు, ఆరు సబ్జెక్టులు, నాలుగు వేల పదాల వ్యాసం, మొత్తం 45 పాయింట్లు. అన్ని పరీక్షల్లోనూ 4కు తగ్గకుండా డిప్లొమా తెచ్చుకుంటే టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలు కనీసం 24 గంటల క్రెడిట్ ఇవ్వాలని రాష్ట్ర చట్టమే ఉంది. రాయడం ఇష్టమున్న పిల్లలకు, విదేశాల్లో చదవాలనుకునే వాళ్ళకు అది గొప్ప చదువు. కేవలం ఫీజు తగ్గుతుందని పిల్లల్ని అందులో వేయడం మాత్రం అన్యాయం. అంత రాతపని ఇష్టం లేకుండా చేయలేరు.

ఊళ్ళో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు మా ఇద్దరు పిల్లలకీ పన్నెండు ఏపీల ప్లాన్ వేసిచ్చారు. అందులో ఒక్క కాలేజీ పేరు కూడా లేదు.

చలికాలంలో స్కూలు నుంచి సబ్జెక్టుల ఎంపిక ఫారం వస్తుంది. సంతకం పెట్టేముందు మీ పిల్లలు వెళ్ళాలనుకునే రెండు మూడు కాలేజీల క్రెడిట్ పట్టికలు తెరిచి చూడండి, అవి వాటి వెబ్‌సైట్లలోనే ఉంటాయి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.