నురగ కోసం

కకావో, అంటే కోకో గింజ నూరి చేసే పానీయం, చేదుగా ఉంటుంది. చాక్లెట్ అనుకుని నోట్లో పోసుకున్నవాళ్లు మొహం చిట్లించి గ్లాసు పక్కన పెట్టేయడం మామూలే. పదహారో శతాబ్దంలో మధ్య అమెరికా తిరిగిన ఇటలీ యాత్రికుడు గిరోలమో బెంజోనికీ మొదట అదే అనిపించింది. మనుషులు తాగేది కాదిది, పందులకు పోయాల్సింది అన్న ధోరణిలో రాశాడు. తర్వాత వైన్ దొరక్క, ఎంతసేపూ ఉత్త నీళ్లు తాగలేక, దానికే అలవాటు పడ్డాడు. ఆ రెండో సంగతీ దాచకుండా రాశాడు కాబట్టి ఆయనంటే నాకు గౌరవం.

నేను కలుపుకునేది కోకో పొడి కాదు. 1828లో హాలండ్‌లో వాన్ హౌటెన్ వాళ్లు గింజలోని కొవ్వును పిండి తీసే పద్ధతికి పేటెంటు పొందాక వచ్చిన సరుకు ఆ పొడి. ఇది అంతకు ముందటి తీరు. గింజను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, పొట్టు చెరిగి, కొవ్వుతో సహా మెత్తగా నూరిన ముద్ద. చల్లారాక దిమ్మ కడుతుంది. అందులో సగం దాకా కొవ్వే.

ఆ దిమ్మను చాకుతో తరగడం దగ్గరే తొందర మనిషికి మొదటి పరీక్ష. గట్టిగా నొక్కితే పెచ్చులుగా ఎగిరి గట్టంతా పడుతుంది. చాకును వాల్చి పట్టుకుని అంచు నుంచి నెమ్మదిగా గీస్తూ పోతే సన్నటి తురుము రాలుతుంది. ముప్పై గ్రాములు చాలు. నీళ్లు తెర్లకముందే దించి, ముందు కాసినే పోసి జారుగా కలిపి, తర్వాత మిగతావి. చిటికెడు ఎండుమిరప కారం. పాలు పోయను. పోస్తే బాగుండదని కాదు, చేదు నోరు మూసినట్టవుతుంది.

ఇక నురగ. కవ్వంతో చిలికి, రెండు స్టీలు గ్లాసుల మధ్య ఎత్తి పోస్తాను. ఈ ఎత్తిపోత పాత పద్ధతే. అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో మధ్య అమెరికా మాయా జాతివారి పాత్ర ఒకటి ఉంది. ఏడో, ఎనిమిదో శతాబ్దం నాటిది. దాని మీది బొమ్మలో ముసలి దేవుడొకడు కొలువుదీరి ఉంటాడు, చుట్టూ ఆడవాళ్లు. ఒక పక్కన బందీ తల నరుకుతున్నారు. ఇంకో పక్కన ఒకామె నిలబడి ఎత్తు నుంచి కింది పాత్రలోకి కకావో పోస్తోంది. తలలు తెగుతున్నా ఆమె పని ఆమెదే. కకావోకు నురగ తెప్పించడాన్ని చూపే తొలి బొమ్మల్లో దీన్ని చెబుతారు. రెండరచేతుల మధ్య తిప్పే చెక్క చిలుకు, మొలినీయో, స్పానిష్ వాళ్ల కాలంలో వచ్చింది. అంతకు ముందు నురగంటే ఎత్తిపోతే. మెక్సికోలోని అజ్టెక్‌ల సంతల్లో మంచి కకావో అమ్మే మనిషి నురగ ఎలా లేపేదో సహగూన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి వివరంగా రాసిపెట్టాడు.

అప్పట్లో గింజలే డబ్బు కూడా. మెక్సికోలోని త్లాష్కాలాలో 1545 నాటి ధరల పట్టికలో పెద్ద టమాటా ఒకటి ఒక గింజ. నా గ్లాసులోకి సుమారు ముప్పై గింజలు పోతాయి, అంటే ముప్పై టమాటాలు. మన దగ్గర కొన్ని వేసవుల్లో టమాటా రేటు చూస్తే ఆ లెక్క మరీ వింతగా ఏమీ ఉండదు. డబ్బును నూరుకు తాగడం కలవారికే చెల్లింది కాబట్టి అజ్టెక్‌లలో అది ఎక్కువగా దొరల, యోధుల, పెద్ద వర్తకుల పానీయం.

ఈమధ్య కొవ్వొత్తులు వెలిగించి, గుండ్రంగా కూర్చుని, కళ్లు మూసుకుని తాగే కకావో సభలు వచ్చాయి. గ్వాటెమాలాలో అతిత్లాన్ సరస్సు ఒడ్డున సాన్ మార్కోస్ అనే ఊళ్లో స్థిరపడిన విదేశీయుల నుంచి గత పాతికేళ్లలో బాగా పాకిన పద్ధతి అది. గోవా, బెంగళూరుల దాకా వచ్చింది. పొట్లం మీద 'సెరిమోనియల్ గ్రేడ్' అని ఉంటే ధర పెరుగుతుంది గానీ ఆ మాటకు చట్టంలో కొలత ఏదీ లేదు. గ్వాటెమాలాలోనే కెక్చీ మాయా రైతులు మొక్కజొన్న విత్తే ముందు జరిపే క్రతువులో కకావో తాగుతారు. అక్కడ దానికి చేనుంది, వానకోసం ఎదురుచూపుంది. ఇవేవీ లేని నేను వాళ్ల మంత్రం అరువు తెచ్చుకుంటే అది నాటకమే. పానీయం మటుకు తెచ్చుకోవచ్చు, చేసే ఓపికతో సహా.

నన్నడిగితే క్రతువంతా ఆ ఓపికలోనే ఉంది. మెక్సికోలో వహాకా దగ్గర సాన్ ఆంద్రెస్ వయాపామ్ ఆడవాళ్లు తెహాతే చేస్తారు. మొక్కజొన్న, కకావో, మామే పండు గింజ, ఒక రకం పువ్వు కలిపి నూరి, పెద్ద కుండలో మోచేతుల దాకా చేతులు పెట్టి పిసుకుతారు. తెల్లటి నురగ పైకి తేలేదాకా వదలరు. అది సంతలో అమ్ముకునే సరుకు, ఎవరూ కళ్లు మూసుకోరు. శ్రద్ధ అంటే నాకు ఆ చేతులే గుర్తొస్తాయి.

తాగేటప్పుడూ ఏమరితే కుదరదు. ఫోను చూస్తూ వదిలేస్తే మడ్డి అడుగుకు దిగుతుంది, కొవ్వు పైకి తేలుతుంది. గుక్కకోసారి కదపాలి. మొదట చేదు, వెనకాల వేయించిన వాసన, గొంతులో మిరప, చాలాసేపటికి అడుగున ఎక్కడో పండు పులుపు. కోకో కాయలోని తెల్ల గుజ్జు చీకినవాళ్లు ఆ పులుపును వెంటనే పోల్చుకుంటారు. మన ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నీడన పండేది ఈ కాయే. అక్కడ దీనికి పూజా లేదు, సభా లేదు. పంట, గింజ రేటు, అంతే.

కకావోలో పనిచేసేది ముఖ్యంగా థియోబ్రొమిన్ అనే పదార్థం. కెఫీన్ కంటే నెమ్మది, చాలా గంటలు ఒంట్లో ఉంటుంది. అందుకే నేను పొద్దున తాగుతాను. మొదటిసారి కలుపుకునేవారు పదిహేను గ్రాములతో మొదలుపెట్టండి, ఎక్కువైతే తల తిప్పుతుంది, వాంతి వస్తుంది. గుండెకు గానీ డిప్రెషన్‌కు గానీ మందులు వాడుతుంటే డాక్టర్ని అడిగాకే తాగండి. ఇంట్లో కుక్క ఉంటే గిన్నె దానికి అందనివ్వకండి, కుక్కలకు ఇది విషం.