అమ్మ చెవిలో సున్నపురాయి

మాది కురబలకోట. టమాటా సేద్యం. ఒక తెల్లవారుజామున అమ్మ పడకలో పక్కకు తిరిగీ తిరగగానే "ఇల్లంతా గిర్రున తిరగతా ఉంది రా" అని మంచంకోడు పట్టుకుంది. పైత్యమన్నారు, దిష్టన్నారు.

మదనపల్లెలో డాక్టరుగారు అమ్మ తలను ఒకవైపు తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెట్టి కళ్ళు చూశారు. కనుగుడ్లు అదిరాయి. 1952లో డిక్స్, హాల్‌పైక్ వివరించిన పరీక్ష అది. లోపలి చెవిలోని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు చోటు తప్పి అర్ధవలయ కుల్యలో పడ్డాయట. ప్రయోగశాలలో మేము ఆమ్లం పోసి పొంగించే పదార్థమే! 1992లో ఎప్లీ ప్రకటించిన పద్ధతిలో తల తిప్పి వాటిని వెనక్కి పంపారు. అమ్మ నవ్వుతూ బస్సెక్కింది.

రెండు నెలలకు మళ్ళీ వచ్చింది. కోతల రోజులు, డబ్బు దండగని ఎనిమిది రోజులు దాచుకుంది. చేలో పడిపోతేగాని మాకు తెలియలేదు.

ఈసారి చెవిలోకి 30, 44 డిగ్రీల నీళ్ళు పంపి చూశారు. 1914 నోబెల్ గ్రహీత బారనీ చూపిన దారి. ఒక చెవి మందంగా ఉంది. "ఇట్లాంటి వాళ్ళకు ఒక్కసారికి కుదరకపోవచ్చని కొన్ని పరిశోధనలు చెప్తున్నాయి, అన్నీ కాదు. ఇది జోస్యం కాదమ్మా" అన్నారు.

"మన్ను చూసి ఎరువేసినట్ల" అన్నాడు నాయన.

మళ్ళీ రావచ్చునన్న మాట మొదటిరోజే విని ఉంటే, అమ్మ దాచుకునేది కాదు.