అమ్మీ ఎడమ చెయ్యి

ఫాలిజ్ పడ్డ మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్లు అందరూ అనే మాట ఒక్కటే: 'ఆరామ్ చేయనీయండమ్మా.' మొహబ్బత్‌తోనే అంటారు. కానీ కదలని చేతికి ఆ ఆరామే దుష్మన్.

మాది మైపాడు పక్క. సముద్రం గాలి, రొయ్యల గుంటలు, ఊళ్లో ఒక ఆరెంపీ. ఏం కావాలన్నా నెల్లూరు పోవాల్సిందే. అమ్మీకి ఎడమ పక్క పడిపోయింది. మాట మాత్రం నిలిచింది, అల్లా దయ. ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు ఫిజియోథెరపీ చేసే పిల్ల నా చేతులు పట్టుకుని నేర్పించింది. 'రోజూ మీ ఊరికి నేను రాలేను కదక్కా, మీరే చేయాల' అంది.

కీలుకి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి ఆనించాలి. నిదానంగా వంచాలి, నిదానంగా చాపాలి. బిగుసుకున్నచోట ఆగాలి, నొప్పిలోకి పోకూడదు. భుజం, మోచెయ్యి, మణికట్టు, ఒక్కొక్క వేలు, తుంటి, మోకాలు, చీలమండ. ఒక్కోదానికి 10 సార్లు, పొద్దున, సాయంత్రం. పడుకున్న మనిషికి 2 గంటలకొకసారి పక్క మార్చాలి, లేకుంటే వీపున పుండ్లు పడతాయి. పిక్క వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే మాత్రం తైలం పెట్టి రుద్దొద్దు, వెంటనే డాక్టరుకి చూపించాలి, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఇంకోటి. పడిపోయిన చెయ్యి పట్టుకుని మనిషిని లాగొద్దు. కండ పట్టు పోయిన భుజం కీలు జారిపోతుంది. మా ఫూఫీ వచ్చిన మొదటి రోజే ఆ చెయ్యి పట్టి లేపబోయింది. నేను అరిచాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. పర్వాలేదు, భుజం దక్కింది. కబూతర్ ఖూన్ పూయమన్నవాళ్లూ ఉన్నారు. ఆ నోరులేని జీవి ఏం గునా చేసిందని?

కదపకుండా వదిలేస్తే కండ కురచైపోతుంది, వేళ్లు అరచేతిలోకి ముడుచుకుంటాయి, పాదం కిందికి వాలిపోతుంది. అట్లా బిగుసుకున్నాక రేపు తాఖత్ తిరిగొచ్చినా ఆ చెయ్యి తెరుచుకోదు. మనం వంచి చాపినంత మాత్రాన పోయిన తాఖత్ రాదు, అది వేరే మెహనత్. ఇది దారి మూసుకుపోకుండా చూసుకోవడం, అంతే.

చెప్పినంత ఆసాన్ కాదు. మొదటి వారం అమ్మీ ఏడ్చేది. 'జుల్మ్ మత్ కర్ బేటీ' అనేది. నొప్పేమో అనుకుని ఆపి అడిగితే, నొప్పి కాదంట. షరమ్. కన్న కూతురు తన కాళ్లెత్తి దించడం ఆమెకు షరమ్. దమ్మామ్‌లో ఉన్న భాయ్ వీడియో కాల్‌లో చూసి నామీదే గుస్సా: 'ఎందుకు ఏడిపిస్తావు? పైసలు పంపిస్తా, ఆయాని పెట్టు.' పైసలు పంపించాడు. ఆయా మైపాడు దాకా ఎవరొస్తారు?

అమ్మీకి అసలు ఫికర్ నమాజ్. సజ్దా చేయలేని నమాజ్ కబూల్ అవుతుందా అని. ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) బీమారీలో అడిగితే ప్రవక్త (స) చెప్పిన మాట చదివి వినిపించాను. నిలబడి చదువు, కాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు పడుకుని. బుఖారీలో ఉంది. ఆ రోజు నుంచి ఆమె గొణగడం తగ్గింది. నేను ఒకటి, రెండు అని లెక్కపెడుతుంటే తను సుభానల్లా అని లెక్కపెట్టింది. ఇప్పుడు లెక్క ఆమెదే. కుడి చేతి వేళ్లతో ఎడమ చేతి వేళ్లు పెనవేసుకుని, దువాకి ఎత్తినట్టు రెండూ కలిపి తనే పైకెత్తుతుంది. భుజం ఎత్తు దాకా చాలని ఫిజియో పిల్ల చెప్పింది, అమ్మీ ఇంకాస్త ఎత్తబోతే నేనే ఆపాలి.

ఇది నాలుగో నెల. చెయ్యి ఇంకా సొంతంగా లేవలేదు. వేళ్లు మాత్రం చక్కగా తెరుచుకుంటాయి, అరచేయి కడిగి తుడవడానికి తక్లీఫ్ లేదు. కాలు కొంచెం మాట వింటోంది. మొన్న జుమా రోజు మంచం దిగి, కుర్చీలో కూర్చుని జుహర్ చదివింది. సలామ్ తిప్పగానే అడిగింది, 'భాయ్‌కి వీడియో తీసినావా లేదా?'