చిన్నటేకూరు జ్వరం ఏ ఊరి లెక్క?

కొండారెడ్డి బురుజు దగ్గర ఆటో ఎక్కి హంద్రి వంతెన దాటితే కల్లూరు. పొద్దున తొమ్మిదికే సెగ కొడుతోంది. "ఎస్టేట్‌కా సార్, ఊర్లోకా?" అన్నాడు డ్రైవరు. కల్లూరులో కొంత భాగం కర్నూలు కార్పొరేషన్‌లో కలిసిపోయింది, పల్లెలు మండలంలోనే ఉన్నాయి. ఇక్కడ ఏ చిరునామాకైనా ఈ పేచీ తప్పదు.

నేను వెళ్లింది ఏఎన్‌ఎం సిస్టర్ల కోసం ఐహెచ్‌ఐపీ అనే జబ్బుల నమోదు సాఫ్ట్‌వేర్ మీద శిక్షణ పాఠం తయారుచేయడానికి. 2004లో మొదలైన వ్యాధి నిఘా పథకం ఐడీఎస్‌పీలో లెక్కలు వారానికోసారి పైకి వెళ్లేవి. 2018 నవంబరులో ఆంధ్ర, తెలంగాణ సహా 7 రాష్ట్రాల్లో ఈ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2021 ఏప్రిల్ 5 నుంచి దేశమంతటా 33 జబ్బుల సమాచారం ఏ రోజుకారోజు ఇందులోకి ఎక్కాలి. సిస్టర్ చూసిన లక్షణాలు ఎస్ ఫారంలోకి, డాక్టరు అనుమానం పీ ఫారంలోకి, ల్యాబ్ తేల్చింది ఎల్ ఫారంలోకి పోతాయి.

లాగిన్ నుంచి మొదలుపెడదామని స్లైడ్లు తెచ్చుకున్నాను. అవి తెరవకముందే ఒక సిస్టర్ తన రూళ్ల నోటుబుక్కు నా ముందు పెట్టారు. పెన్సిలుతో గీసిన గళ్లు, పక్కన గుర్తులు. "ఈ మనిషిది చిన్నటేకూరు సార్. మిరప కోతలకు గుంటూరు పోయొచ్చినాడు. దారిలోనే జ్వరమొచ్చింది. సూది కర్నూల్లో వేయించుకున్యాడు. యా ఊరి కింద కొట్టాల?"

గదిలో తలా ఒక మాట అన్నారు. పెద్ద సిస్టరొకరు, "సూది యాడ వేయించుకుంటేనేం? దోమ కుట్టేది ఇంటికాడ కదప్పా" అన్నారు. సగమే నిజం. ఇంటి ఊరు రాయాలి, వలస పోయొచ్చిన సంగతీ డాక్టరు చెవిన వేయాలి. జ్వరం ఏడు రోజుల లోపుదా, పైదా? దద్దుర్లున్నాయా, రక్తం కారిందా? ఇవన్నీ సిస్టర్లకు కొట్టిన పిండే. తడబాటంతా ఊరి దగ్గరే.

ఆ తడబాటు చిన్నదేం కాదు. 2021 ఏప్రిల్లోనే పాణ్యం మండలం గోరుకల్లులో వాంతులు, విరేచనాలు ఊరిని చుట్టేశాయి. అలాంటప్పుడు పది మంది రోగులు పది ఆసుపత్రుల ఖాతాల్లో చెదిరిపోతే పైనున్నవాళ్లకు మామూలు రోజులాగే కనబడుతుంది. అందరూ ఒకే ఊరి పేరు కింద పడితేనే నీళ్ల ట్యాంకు మీద అనుమానం వస్తుంది.

మధ్యాహ్నం దాకా ఆ నోటుబుక్కులోని కేసులతోనే నడిపాం. కేసుల్లేని రోజు సున్నా కొట్టడం కూడా పనేనని ఒప్పించడానికి మాత్రం చాలాసేపు పట్టింది. జబ్బు లేకపోవడం వేరు, కబురు రాకపోవడం వేరు. లాగిన్ పాఠం పది నిమిషాల్లో అయిపోయింది.

ఇలాంటి శిక్షణ రాసే మిత్రులకు ఒక్కటే మనవి: స్లైడ్లు చేయకముందు ఒక పూట సిస్టర్ వెంట ఇల్లిల్లూ తిరగండి. ఆమె నోటుబుక్కు అడిగి చూడండి.