మా గోడల కొలతలు

మీరు ఈ నేలవాళ్లేనా అని ఎవరైనా అడిగినప్పుడల్లా చార్మినార్ వైపు వేలు చూపించడం మాకు అలవాటైపోయింది. 1591 నాటి కట్టడం గదా, అంతకు మించిన సాక్ష్యం ఏముంటుందని. కానీ చార్మినార్ కట్టించింది సుల్తాను. మా తాతలు సుల్తాన్లు కారు. దూదేకినవాళ్లు, గాజులమ్మినవాళ్లు, టాంగా తోలినవాళ్లు. వాళ్లు దువా చేసిన చోట్లు వేరే ఉన్నాయి. మట్టిగోడల పీర్ల చావిళ్లు, చెరువుగట్టు దర్గాలు, పెంకుల కప్పు మసీదులు. ఇవి కూలితే సింగిల్ కాలం వార్త కూడా రాదు. పేపర్లో పనిచేసే మాకు ఆ సంగతి బాగా తెలుసు.

అందుకే ఫొటోగ్రామెట్రీ అనే విద్య గురించి విన్నప్పుడు మాకు ఆశ పుట్టింది. పేరు పెద్దదేగానీ పని అర్థం కానిదేం కాదు. ఫొటోలతో కొలవడం. కట్టడం చుట్టూ తిరుగుతూ వందల ఫొటోలు తీస్తారు. ఒక ఫొటోలో పడినదాంట్లో సగానికి పైగా పక్క ఫొటోలో కూడా పడాలి. గోడమీది ఒకే పగులు, ఒకే రాయి అంచు నాలుగైదు ఫొటోల్లో వేర్వేరు చోట్ల కనిపిస్తుంది. ఆ తేడాను బట్టి కెమెరా ఎక్కడుంది, రాయి ఎంత దూరంలో ఉంది కంప్యూటర్ లెక్కకడుతుంది. మన రెండు కళ్లు దూరాన్ని పట్టే పద్ధతే ఇది. అలాంటి లక్షల చుక్కలు కలిస్తే కట్టడం లోతుతో సహా తేలుతుంది. పక్కన పొడవు తెలిసిన కర్ర ఒకటి పెట్టి తీస్తే అడుగులు, అంగుళాలు కూడా చెప్తుంది.

ఇది పాత విద్యే. 1858లో జర్మనీలో మైడెన్‌బవర్ అనే ఆయన వెట్స్‌లార్ చర్చిని కొలుస్తూ పైనుంచి పడబోయి బతికిపోయాడు. పైకి ఎక్కకుండా ఫొటోలోంచే కొలవొచ్చు గదా అని అప్పుడు ఆలోచించాడు. 1885లో బెర్లిన్‌లో ఆ పనికోసం ప్రభుత్వ సంస్థే ఏర్పడింది. వాళ్లు గాజు పలకల మీద తీసిన కట్టడాల్లో కొన్ని రెండో ప్రపంచ యుద్ధంలో కూలాయి. తిరిగి కట్టేటప్పుడు ఆ పలకలే అక్కరకొచ్చాయి.

మాకు ఇంకా దగ్గరగా తగిలింది బామియాన్. 2001 మార్చిలో తాలిబాన్లు మా మతం పేరు చెప్పి అక్కడి బుద్ధ విగ్రహాల్ని పేల్చేశారు. ఆస్ట్రియా ప్రొఫెసర్ రాబర్ట్ కోస్ట్కా 1970లో తీసిపెట్టిన కొలత ఫొటోల నుంచి జ్యూరిక్ పరిశోధకులు పెద్ద బుద్ధుణ్ణి కంప్యూటర్లో మళ్లీ నిలబెట్టారు. 2017లో మోసుల్‌లో ఐసిస్ వాళ్లు నూరీ మసీదునే పేల్చారు. కూల్చేవాడికి మతం ఒక సాకు. 1992 డిసెంబర్ 6న అయోధ్యలో మేం చూసిందీ అదే.

ఇక మా హైదరాబాద్. పాతబస్తీలో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఉంది. చార్మినార్ తర్వాత కొద్ది ఏళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. లోపలి గోడల నిండా రంగురంగుల పలకలతో పేర్చిన ఆలం రూపాలు. 1908 మూసీ వరదలో కింది భాగం పలకలు కొన్ని పోయాయి. ఆ చోట తర్వాత అలాంటి బొమ్మలే రంగులతో వేశారు. అసలు పలక, కొత్త పూత కలిసే చోటే వరద చేసిన గాయం హద్దు. కట్టడాన్ని కొలిచేటప్పుడు అందంతోపాటు ఆ గాయాన్నీ ఎక్కించుకోవాలి. అది కూడా మా చరిత్రే.

అయితే ఈ విద్యకు చేతకానివి ఉన్నాయి. మెరిసే పలక దాన్ని తికమక పెడుతుంది. వట్టి తెల్లటి సున్నం గోడయితే ఏ చుక్క ఏదో పోల్చుకోలేదు. ఏటా రంజాన్‌కి ముందు సున్నం కొట్టే మా చిన్న మసీదులన్నీ ఇలాంటివే. ఈ మాట విన్నప్పుడు మాకు నవ్వొచ్చింది. సర్కారు లెక్కల్లో మా సంగతీ అంతే గదా!

మా ఊరి పీర్ల చావిడిని మేం ఫోన్‌తోనే తీశాం. రోడ్డు వెడల్పు చేస్తామని దాని గోడమీద ఎర్రరంగుతో గీత గీసి పోయారు. నీడలు పడకూడదని మబ్బు పట్టిన పొద్దున వెళ్లాం. లోపలా బయటా మూడు వందలకు పైగా ఫొటోలు. నిచ్చెన గొల్లవాళ్ల పిల్లాడు తెచ్చాడు. టేపు అటు కొస పట్టుకున్నది గౌండ్లాయన. "ఆ మూల పీరును మా తాత ఎత్తేటోడు సాబ్, అది గూడ రాసుకో" అన్నాడు.

కంప్యూటర్లో చావిడి లేచింది. గోడ వాలు, దూలానికి పట్టిన చెద, ముందరి గుండం అంచు, ఆఖరికి ఆ ఎర్రగీత కూడా. పీరు ఎత్తిన తాత మాత్రం అందులో లేడు. ఊదు పొగ లేదు, మాలీదా లేదు, మొక్కు చెల్లించను వచ్చే హిందూ తల్లులు లేరు. అవన్నీ ముసలివాళ్లను అడిగి తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి పక్కన పెట్టాం.

ఒక ఆఫీసరుకు ఇది చూపిస్తే, "కంప్యూటర్లో ఉంది గదా, ఇంక కూలిస్తే ఏం?" అన్నాడు. ఇంట్లో ఫొటో ఉందని బతికున్న మనిషిని పాతిపెడతారా?

చావిడి మొత్తం రోడ్డులోకి పోతుందని వాళ్లంటున్నారు. మా కొలత ప్రకారం ముందరి అరుగు మాత్రమే పోతుంది. ఆ కొలతల కాగితం మీద ఊరంతా సంతకాలు పెట్టి ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు.

మీ ఊళ్లో కూడా చావిడో, దర్గానో ఉండే ఉంటుంది. మీరు ముస్లింలు కాకపోయినా సరే, వచ్చే మొహర్రం లోపల వెళ్లి చుట్టూ తిరిగి ఫొటోలు తీయండి. టేపుతో ఒక గోడన్నా కొలిచి పెట్టండి. పీర్లు ఎత్తినవాళ్ల పేర్లు అడిగి రాసుకోండి. అవి ఏ కెమెరాలోనూ పడవు.