ముందే తెలిసిన గెలుపు

గోల్ఫ్ కర్రను నేనెన్నడూ పట్టుకోలేదు. నాన్న కూడా అంతే. ఉత్తరాంధ్ర పొలాల్లో గొలుసు లాగించి, హద్దురాళ్లు పాతించి రిటైరైన సర్వేయర్ ఆయన. విశాఖలో ఇంటిపట్టున ఉంటూ చానెళ్లు తిప్పుతున్న రోజుల్లో ఓసారి గోల్ఫ్ దగ్గర ఆగారు. తెరమీద ఆటగాడొకడు గొంతుక్కూర్చుని నేల వాలు చూసుకుంటున్నాడు. ‘‘వీడెవడో మా డిపార్ట్‌మెంటు వాడిలా ఉన్నాడే’’ అన్నారు. అప్పట్నుంచి వదల్లేదు.

అమెరికాలో ఆదివారం సాయంత్రం ముగిసే ఆట మనకు సోమవారం తెల్లవారుజామున ముగుస్తుంది. నాన్న రాత్రి తొమ్మిదింటికే పడుకుంటారు. అందుకే సెట్‌టాప్ బాక్సులో రికార్డు చేసి పెట్టడం నా డ్యూటీ. ఆయన చూసేదాకా ఫలితం చెవిన పడకుండా కాపలా కాయడం అంతకన్నా పెద్ద డ్యూటీ. వార్తలు చెప్పి బతికే నాకు ఇంట్లో మాత్రం వార్త దాచే ఉద్యోగం.

2019 ఏప్రిల్ 14 ఆదివారం అలాంటి రోజే. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ ముగిసి మూడు రోజులైంది. ఎన్నికల కోసం జిల్లాలు తిరిగి అలసిపోయి ఇంటికొచ్చాను. ఆ రాత్రి అగస్టాలో మాస్టర్స్ ఆఖరి రౌండు. ఉరుములతో వాన పడొచ్చన్న హెచ్చరికతో నిర్వాహకులు ఆటను ముందుకు జరిపారు. దాంతో అది మనకు అర్ధరాత్రికల్లా ముగిసింది. నేనేమో అలవాటు కొద్దీ పాత వేళకే రికార్డింగ్ పెట్టాను. పొద్దున చూస్తే బాక్సులో ఉన్నది పునఃప్రసారం. టైగర్ వుడ్స్ గెలిచాడని అప్పటికే ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. పేపర్లో క్రీడల పేజీ తీసి బ్యాగులో పెట్టేశాను.

సాయంత్రం ఇద్దరం కూర్చున్నాం. నాన్న మొదటి ఫిర్యాదు ఎప్పుడూ కెమెరా మీదే. అగస్టాలో పదో గుంత దగ్గర మొదలు నుంచి చివరికి నేల సుమారు 30 మీటర్లు దిగుతుంది. టీవీలో మాత్రం పళ్లెంలా చదునుగా కనిపిస్తుంది. ‘‘కొండను కూడా చాపలా పరిచి చూపించగలరు వీళ్లు’’ అంటారాయన. చెవులనూ నమ్మలేం. తమ గోల్ఫ్ ప్రసారాల్లో రికార్డు చేసిన పక్షికూతలు కలిపినట్లు అమెరికన్ చానెల్ సీబీఎస్ 2000లో ఒప్పుకుంది.

అయినా మాస్టర్స్ ప్రసారానికో మర్యాద ఉంది. అమెరికాలో గంటకు నాలుగు నిమిషాలకు మించి ప్రకటనలు వేయరు. 2003, 2004 సంవత్సరాల్లో అసలే వేయలేదు. ఓవర్ ఆఖరి బంతి ఫీల్డర్ చేతిలో ఉండగానే సబ్బు ప్రకటన చూడటానికి అలవాటు పడిన మనకు ఇది వింతే.

పన్నెండో గుంత వచ్చింది. దూరం 155 గజాలే, కానీ ముందు వాగు. ఆధిక్యంలో ఉన్న మోలినారి బంతి నీళ్లలో పడింది. వుడ్స్ జెండా జోలికి పోకుండా పచ్చిక మధ్యకు కొట్టాడు. ‘‘వీడు జెండాను చూడలేదు. నేలను చూశాడు’’ అన్నారు నాన్న. సరిగ్గా అప్పుడే తెర అడుగున స్క్రోలింగ్ మొదలైంది: వుడ్స్‌కు ఐదో మాస్టర్స్ టైటిల్. పేపరు దాచినవాణ్ని, చానెల్ నోరు ఎలా మూయను? ఓరకంట చూశాను. నాన్న చూపు ఆట మీదే ఉంది. హమ్మయ్య అనుకున్నాను.

వుడ్స్ చివరి గుంతలో బోగీ చేసినా ఒక్క స్ట్రోక్ తేడాతో గట్టెక్కాడు. వయసు 43. 2017లో వెన్నెముకకు ఆపరేషన్. 2008 తర్వాత ఇదే తొలి మేజర్. కొడుకును కావలించుకుంటున్నాడు. సీబీఎస్ వ్యాఖ్యాత జిమ్ నాంట్జ్ ఆ సమయంలో రెండు నిమిషాలకు పైగా నోరు విప్పలేదని తర్వాత చదివాను. మాకు ఆ మౌనం దక్కలేదు. ఆ తండ్రీకొడుకుల మీద నుంచి మన చానెల్ చటుక్కున క్రికెట్ ప్రోమోకు దూకింది.

నాన్న రిమోట్ అందుకుని వెనక్కి తిప్పారు. ఆ కౌగిలింత దగ్గర ఆపారు.

‘‘గెలుస్తాడని పన్నెండో గుంత దగ్గరే తెలిసిపోయింది. కింద రాశారుగా’’ అన్నారు తాపీగా.

‘‘మరి చెప్పలేదేం నాన్నా?’’

‘‘నీకు తెలీదేమో అనుకున్నా.’’

నాకూ ముందే తెలుసని ఒప్పుకున్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. తెలిసీ అంతసేపు కూర్చున్నారా అంటే, ‘‘ఓట్లు మిషన్లలో పడి ఉన్నాయి. ఫలితం ఎప్పుడో ఖాయమైపోయింది. మే 23 దాకా, 42 రోజులు రాష్ట్రమంతా ఆగుతోంది. నేను ఓ పూట ఆగలేనా?’’ అన్నారు.

పొలిటికల్ సైన్స్‌లో పీజీ చేసిన నాకు తట్టని పోలిక అది. ఎవరు గెలిచారన్నది ఒక్క లైనులో చెప్పేయొచ్చు. ఎలా గెలిచారన్నది చూడాలంటే ఓపిక కావాలి, చూపించేవాడికి ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. మా వృత్తి మొదటి దాని వెంటే పరుగెడుతోంది. నెల రోజుల పాటు ప్రతి ఊళ్లోనూ ‘ఎవరు గెలుస్తారు?’ అనే అడిగాను. అక్కడి నేల ఎటు వాలి ఉందో అడిగింది తక్కువ.

మా ఇంట్లో టీవీ అడుగున ఇప్పుడో అట్టముక్క ఉంటుంది. స్క్రోలింగ్ ఎంత మేర వస్తుందో స్కేలు పెట్టి కొలిచి మరీ కోసింది నాన్నే.