అంకులి జీపు సంగతి

రేకుల షెడ్డులో ఉన్న మన సంఘం జీపు ఏమైందని చాలామంది అడుగుతున్నారు. చెబుతాం, మొదట మా తప్పు నుంచే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి కొండల్లో చరియలు విరిగిపడ్డాయి. బియ్యం మూటలు, నీళ్ల డబ్బాలు వేసుకుని బయలుదేరిన మేము పర్లాకిమిడి దారిలో బురదలో కూరుకుపోయాం. ఫోర్‌వీల్ లివరు వేసినా ముందు చక్రాలు తిరగలేదు. హబ్ లాకుల్లో గ్రీజు ఎండిపోయి పట్టేశాయి. ఏళ్ల తరబడి విప్పి చూసింది ఎవరు? ఎవరూ లేరు. చీకటి పడేదాకా ఆ మూటలు అక్కడే ఉండిపోయాయి. ఆ రోజు ఇంకా గుర్తొస్తూనే ఉంటుంది.

ఇన్నాళ్లకు విప్పించాం. 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిను గట్టిగానే ఉంది. ఛాసిస్సే దెబ్బతింది. గోపాల్‌పూర్ ఉప్పుగాలి పైన పెయింటును వదిలేసి లోపల నుంచి తినేసింది. తుప్పు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. హబ్బులు, బ్రేకు సిలిండర్లు, ఆయిల్ సీళ్లు మార్చాం.

మన కుర్రాళ్లు ఎత్తు స్ప్రింగులు, వెడల్పు టైర్లు అన్నారు. "బ్రేకు పట్టని బండికి ఎత్తెందుకు బాబూ" అన్నాడు మేస్త్రి. ఎత్తు పెంచితే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారి క్రాసులు త్వరగా అరిగిపోతాయి. పైగా కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కుర్రాళ్లు కాస్త అలిగారు, ఫర్వాలేదు.

వచ్చే ఆదివారం తప్తపాణి ఘాటు ఎక్కించి చూస్తాం. రెండు బియ్యం మూటలు వెనక వేసుకునే వెళ్తాం. వచ్చేవాళ్లు పొద్దున్నే షెడ్డు దగ్గరికి రండి.